కిటికీ అద్దం ఇప్పుడు ఎవరు తుడుస్తున్నారు?

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పొదుపు సంఘాల స్త్రీలతో చేసిన ప్రసంగ పాఠం)



అద్దాల కిటికీలు శుభ్రం చేసే పనిని ఒక వ్యాపారంగా పెట్టుకోవచ్చా అని మీలో కొందరు అడిగారు. సంఘం నుంచి అప్పు తీసుకునే ముందు ఆ పనికి మన ఊళ్ళో గిరాకీ ఉందో లేదో ఎట్లా తెలుసుకోవాలి అన్నది ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం. 'మార్కెట్ సర్వే' అనగానే అదేదో చదువుకున్నవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని చేసే పని అనుకుంటాం. నిజానికి కూరగాయల గంప ఎత్తుకునే ఆమె ఏ వీధిలో ఏ కూర అమ్ముడుపోతుందో, ఎవరింట్లో బేరం ఎక్కువో, ఎవరు అరువు పెడతారో లెక్క వేసుకునే ఇల్లు కదులుతుంది. ఆ లెక్కనే సర్వే అంటారు. ఆమె చేసినప్పుడు దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు, అంతే.

హక్కుల గురించి మాట్లాడుకునేచోట ఈ వ్యాపారం సంగతులేమిటని కొందరికి అనిపించవచ్చు. 1982–83లో డ్వాక్రా పథకం మొదలైనప్పటి నుంచీ చూడండి. స్త్రీలకు ఏ పని నేర్పాలన్నది ఎవరు నిర్ణయించారు? చాలాచోట్ల నేర్పేవాళ్ళకు ఏది వస్తే అది నేర్పారు. కుట్టుమిషను, అగరుబత్తీలు, కొవ్వొత్తులు, అప్పడాలు, పచ్చళ్ళు. ప్రతి ఇంట్లోనూ జాడీ నిండా పచ్చడి ఉన్న ఊళ్ళో మన పచ్చడి ఎవరు కొంటారని అడగనివ్వలేదు. సరుకు మూలన పడుతుంది గానీ అప్పు మూలన పడదు. అది సంఘం పేరు మీద ఉంటుంది. ఒకామె కట్టలేకపోతే మిగిలినవాళ్ళు ఆమె గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్ళు భరించలేని స్థితికి వచ్చి, ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు మనం వడ్డీ గురించి చెప్పుకుంటాం, వసూళ్ళలో జరిగిన అవమానాల గురించి చెప్పుకుంటాం. ఆ అప్పుతో పెట్టిన పనికి కొనేవాళ్ళున్నారా అని ముందుగా ఎవరైనా చూశారా అన్నది మాత్రం చెప్పుకోం. సంతకం పెట్టేముందు అది చూసుకునే వ్యవధి మనకు ఉండాలి. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు. అందుకే ఇది ఇక్కడ మాట్లాడవలసిన విషయమే అని నా ఉద్దేశం.

సర్కారే గిరాకీ చూపించే పనులు వేరు. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, జతకు కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75కు పెంచారు. అక్కడ కొనేవాడెవడో ముందే తెలుసు. ధర కూడా కొనేవాడే చెబుతాడు, అది వేరే చర్చ. కిటికీల పనిలో అట్లా ఎవరూ చూపించరు. మనమే వెతుక్కోవాలి.

ఇంతకీ ఈ ఆలోచన ఇప్పుడెందుకు వచ్చింది? 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తిలో కొత్త కలెక్టరేటు 2022 మార్చి 8న తెరిచారు. మహిళా దినం నాడే! నాగర్‌కర్నూల్లో, గద్వాలలో 2023 జూన్‌లో తెరిచారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ మెడికల్ కాలేజీలు 2022లో, గద్వాలది 2024లో మొదలయ్యాయి. వాటి వెంట ప్రైవేటు ఆసుపత్రులు, బట్టల దుకాణాలు, బళ్ళ షోరూములు, ఫంక్షన్ హాళ్ళు. ఒకప్పుడు చెక్క తలుపు, ఇనుప చువ్వలు ఉన్నచోట ఇప్పుడు నిలువెత్తు అద్దం. బస్సులో పోతూ ఆ అద్దాలు చూసి, "అక్కా, ఇన్ని అద్దాలున్నయి, ఎవరో ఒకరు తుడవాలె గదా" అని ఒక చెల్లెలు అంది. నిజమే, ఎవరో ఒకరు తుడవాలి. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు తుడుస్తూనే ఉన్నారు. కాబట్టి అద్దాలు లెక్కపెడితే గిరాకీ తెలియదు. ఆ ఎవరో ఒకరు ఎవరు, ఆమెకు ఎంత ఇస్తున్నారు అన్నది తెలిస్తేనే గిరాకీ తెలుస్తుంది.

ముందు ఇళ్ళ సంగతి చూద్దాం. మీరు నోటుబుక్కు పట్టుకుని ఒక మేడ ఇంటి గేటు తీశారనుకోండి. కిటికీలు తుడిచిపెడతాం, ఇంత తీసుకుంటాం అన్నారు. లోపల్నుంచి వచ్చే జవాబు నేను ఇప్పుడే చెప్పగలను. "కిటికీలు తుడిస్తే పైసలియ్యాల్నా? మరి మా కోడలేం చేస్తది?" నవ్వకండి. ఆ ఒక్క మాటలో మన వ్యాపారానికి అసలు పోటీ ఎవరో ఉంది. ఉచితంగా చేసే కోడలికన్నా చవగ్గా మనం చెయ్యలేం. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతోందని, ఇంటిపని చేసే మగవాడు 97 నిమిషాలు పెడుతున్నాడని తేలింది. 2024లో మళ్ళీ లెక్కించారు. 289, 88. అయిదేళ్ళలో ఆమెకు తగ్గింది పది నిమిషాలు, ఆయనకు తగ్గింది తొమ్మిది! ఆ దాదాపు అయిదు గంటల్లోనే కిటికీలూ ఉన్నాయి, ఫ్యాన్లూ ఉన్నాయి, సంక్రాంతికి ముందు బూజులూ ఉన్నాయి. ధర లేని పనికి ధర చెప్పడానికి మనం పోతున్నాం.

గద్వాలలో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గద్వాల చీర ఖ్యాతి దేశమంతా ఉంది. నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు, వాటిని మగ్గం మీదనే అతికే పనితనం. అయితే కూలి కట్టేది చీరకు. కండెలు చుట్టిన భార్య చేతికి, పోగులు సరిచేసిన కూతురి చేతికి విడిగా ఒక్క పైసా లెక్క పడదు. ఇంటివాళ్ళ పని అంటే ఇంట్లో కలిసిపోయేదే అని మనకూ అలవాటైపోయింది.

కాబట్టి ఇంటికి వెళ్ళినప్పుడు "మేం తుడిస్తే తుడిపించుకుంటారా?" అని అడగకండి. మర్యాదకు అందరూ "చూద్దాంలేమ్మా" అంటారు. పుస్తకంలో ఆ 'చూద్దాం'లన్నీ 'అవును'లుగా రాసుకుని వస్తే మునిగిపోతాం. జరిగిపోయిన దాని గురించి అడగండి. కిందటిసారి ఈ కిటికీలు ఎప్పుడు తుడిచారు? ఎవరు తుడిచారు? పై అంతస్తువి ఎవరు చేశారు? ఎవరికైనా డబ్బులిచ్చారా, ఎంత? నీళ్ళ ట్యాంకు కడగడానికి మనిషిని పిలుస్తారా? పెళ్ళికో పండక్కో సున్నం వేయించినప్పుడు శుభ్రం చెయ్యడానికి కూలికి పెట్టుకున్నారా? ఇచ్చినవాళ్ళే మళ్ళీ ఇస్తారు. ఎన్నడూ ఇవ్వనివాళ్ళు మన ముఖం చూసి మొదలుపెట్టరు.

ఇంకొక ప్రశ్న ఉంది. అది నేరుగా అడగలేం, కనిపెట్టాలి. ఈ ఇంట్లో ఇటువంటి ఖర్చుకు డబ్బు తీసి ఇచ్చేది ఎవరు? కిటికీ దుమ్ము చూసేది ఆమె. నడుం నొప్పి ఆమెది. జేబు ఆయనది. బడిపంతులమ్మ, నర్సు, ఆఫీసు ఉద్యోగిని ఉన్న ఇళ్ళు వేరు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళకు ఆదివారం ఒక్కటే మిగులుతుంది, జీతం కొంతైనా వాళ్ళ చేతిలో ఉంటుంది. జిల్లా కేంద్రాలు అయ్యాక అటువంటి కుటుంబాలు ఈ ఊళ్ళకు బదిలీల మీద వచ్చాయి. అవి ఏ కాలనీల్లో అద్దెకున్నాయో చూడండి. అయితే అద్దె ఇంటి కిటికీ మీద ఖర్చుపెట్టడానికి మనసొప్పదు కదా అనే మాటా విన్నాను. అందులోనూ నిజముంది. అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు పెద్ద కట్టడాలు. అద్దాలెక్కువ ఉన్నవి ఇవే, ఆశ ఎక్కువ పుట్టించేవీ ఇవే. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. సర్కారు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో శుభ్రం పని ఎక్కువగా ఏజెన్సీలకు కాంట్రాక్టు మీద ఇస్తారు. టెండరు కావాలి, ధరావతు కావాలి. పదిమంది స్త్రీల సంఘం నేరుగా పోయి అడిగితే దొరికేది కాదు. అదీగాక ఏజెన్సీ కింద ఊడ్చే, తుడిచే స్త్రీలు అక్కడ ఇప్పటికే ఉన్నారు. ఎక్కువమంది దళిత స్త్రీలు. నేల తుడిచే ఆమెనే "ఆ అద్దం కూడా తుడువు" అంటారు, దానికి వేరే కూలి లేదు. మనం పోయి ఇంకా తక్కువకు చేస్తామంటే ఎవరి పొట్ట కొడుతున్నాం? ఆమెకు రావలసిన కూలే ఆమెకు రావటం లేదు, దాని మీద మనం పోటీ! అంతకన్నా ఆమెతో మాట్లాడటం మంచిది. ఆ కట్టడంలో ఏ పని ఎంత ఉందో, ఎవరు చెల్లిస్తారో, ఎన్ని నెలల జీతం ఆగిందో ఆమెకు తెలిసినంత ఏ ఆఫీసరుకూ తెలియదు. మన సంఘంలో ఆమె చేరవచ్చు కూడా.

ఇంకో వింత చూడండి. చీపురు పట్టుకుంటే అది కులం పని అవుతుంది. అదే మనిషి నిచ్చెనెక్కి రబ్బరు వైపర్ పట్టుకుంటే 'సర్వీసు' అవుతుంది, అప్పుడు మగవాళ్ళు వస్తారు, కూలి పెరుగుతుంది. ఈ పని మనం మొదలుపెడితే ఆ పెరిగిన కూలి ఎవరికి అందుతుందో మొదటి రోజే తేల్చుకోవాలి. మా సంఘంలో నిచ్చెనెక్కేవాళ్ళు వేరే, బకెట్లు మోసేవాళ్ళు వేరే అని మొదలుపెడితే మనమూ అదే మేస్త్రీ పద్ధతిలోకి పోతాం.

మరి మిగిలిందేమిటి? రోడ్డు మీది దుకాణాలు, షోరూములు, చిన్న ఆసుపత్రులు, ప్రైవేటు బళ్ళు, ఫంక్షన్ హాళ్ళు. నా అంచనాలో మన మొదటి గిరాకీ ఇక్కడే ఉంటుంది. దుకాణంవాడికి అద్దం మురికిగా ఉంటే బేరం పోతుంది, వాడికది కంటికి కనిపిస్తుంది. పొద్దున షట్టరు ఎత్తేవేళ పోయి వీధి అటు చివర నిలబడి చూడండి. ఎవరు తుడుస్తున్నారు? పనిపిల్లవాడు పాత గుడ్డతో కింద సగమే తుడుస్తాడు. పై సగం మీద కిందటేటి దుమ్ము అట్లాగే ఉంటుంది. బోరు నీళ్ళు చల్లి వదిలేసినచోట తెల్లటి మరకలు కట్టి ఉంటాయి. ఆ పై సగమూ, ఆ మరకలూ మనవి. అవి ఏయే దుకాణాలకు ఉన్నాయో రాసుకోండి.

రాసుకున్నాక లెక్క వెయ్యాలి. ఊరికే ఉదాహరణకు చెబుతున్నాను, ఈ అంకెలు తీసేసి మీ అంకెలు పెట్టుకోండి. ఒక దుకాణం నెలకు రెండుసార్లు తుడిపించుకుని సారికి 150 ఇస్తుందనుకుందాం. నెలకు 300. ఇద్దరు స్త్రీలకు చెరో 6,000 మిగలాలి, సబ్బుకూ గుడ్డలకూ అప్పు కిస్తీకీ 1,500 పోతుంది అనుకుంటే మొత్తం 13,500 రావాలి. అంటే 45 దుకాణాలు కావాలి. నెలకు 90 సార్లు తుడవాలి, 25 పనిదినాల్లో రోజుకు మూడు నాలుగు. పని బరువు కాదు. కాని అడిగినవాళ్ళలో అయిదుగురికి ఒకరే ఒప్పుకుంటే 45 మంది దొరకడానికి 225 గడపలు ఎక్కాలి. అద్దాల ముఖం ఉన్న గడపలు అన్ని మీ ఊళ్ళో ఉన్నాయా? 2011 జనాభా లెక్కల్లో గద్వాల, వనపర్తి 60 వేలు దాటిన పట్టణాలు. నాగర్‌కర్నూల్ అందులో సగం కూడా లేదు. ఆ లెక్కలు జిల్లాలు పుట్టకముందువి, ఇప్పుడు ఊళ్ళు పెరిగాయి, అందుకే కాళ్ళతో తిరిగి మనమే లెక్కపెట్టాలి అంటున్నాను. ఆ 6,000ని 25తో భాగిస్తే రోజుకు 240. పత్తి ఏరితే ఎంత పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అద్దాల పని పూటతో అయిపోతుంది, నీడన ఉంటుంది, ఏడాది పొడుగునా ఉంటుంది అనుకుంటే ఒక లెక్క. కాదనుకుంటే ఇంకొకటి.

ఏడాది పొడుగునా అన్నాను గాని అది కూడా అడిగి తేల్చుకోవాల్సిందే. దసరా, సంక్రాంతి, ఉగాది, రంజాన్, పెళ్ళిళ్ళ ముహూర్తాలు. వీటికి ముందు అందరూ ఒకేసారి పిలుస్తారు. వానాకాలంలో దుకాణంవాడు "వాన పడ్తుంది గదా, మళ్ళ చూద్దాం" అంటాడు. మన వైపూ ఒకటుంది. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాల సాగులో క్రాసింగ్ పని నడిచే రోజుల్లో స్త్రీలూ ఆడపిల్లలూ చేలల్లోనే ఉంటారు. అదే దసరాకు ముందు కాలం. గిరాకీ ఉన్ననాడు చేతులు లేకపోతే మొదటి పండగకే మాట పోతుంది.

ఇంగ్లండులో ఈ పని ఎప్పటినుంచో ఉంది. అక్కడ కిటికీలు తుడిచేవాడికి ఒక 'రౌండు' ఉంటుంది. అంటే కొన్ని వారాలకొకసారి వరసగా తిరిగే ఇళ్ళ చుట్టు. పని మానేసేటప్పుడు ఆ రౌండును ఇంకొకరికి అమ్ముకుంటారు కూడా. మన పాలవాడి వాడుక ఇళ్ళలాంటిదే. ఇళ్ళు పక్కపక్కన ఉంటేనే రౌండుకు విలువ, నడకలో రోజు పోతే కూలి గిట్టదు. స్కాట్లండులో 1982 నాటి చట్టం కింద స్థానిక సంస్థ ఈ పనికి లైసెన్సు తీసుకోమనవచ్చు. కిటికీ దగ్గరికి వచ్చేవాడు ఇంటి లోపలంతా చూస్తాడు కదా, ఆ భయం. వాళ్ళ జవాబులు మనకు పనికిరావు. వాళ్ళ కిటికీలు వేరు, ఇక్కడ చువ్వలూ దోమతెరలూ వేరు. కాని దగ్గరితనం, నమ్మకం అనే ఆ రెండు ప్రశ్నలూ ఇక్కడా అడగవలసినవే. మూడు ఊళ్ళకూ కలిపి ఒకే సంఘం చెయ్యవచ్చా అని అడిగారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు కాబట్టి సర్వేకు మూడు ఊళ్ళూ తిరిగి రండి, ఒక ఊరి ధరలు ఇంకో ఊరివాళ్ళకు చెప్పండి. పనికి మాత్రం కాదు. ఆడమనిషికి టికెట్టు లేదుగాని నిచ్చెనను ఏ కండక్టరూ ఎక్కనివ్వడు!

నిచ్చెన అన్నాక పడటం గురించి కూడా మాట్లాడాలి. సర్వేలో ప్రతి కట్టడానికీ ఒక గడి గీసి, నేల మీద నిలబడి వైపర్ కర్రతో అందేది ఎంత, నిచ్చెన కావలసింది ఎంత, నిచ్చెనకూ అందనిది ఎంత అని రాసుకోండి. మూడోది మనకు వద్దు, ఎంత ఇచ్చినా వద్దు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళవాళ్ళకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. అది ముందు కట్టండి, బకెట్లు తర్వాత కొనండి. ధర చెప్పేటప్పుడు ఈ ఖర్చు కూడా కలిపే చెప్పాలి.

ఇతరుల ఇళ్ళలోకి, మూసిన గదుల్లోకి పోయే పని ఇది. కొత్త ఇంటికి ఒక్కరు పోకూడదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం పెద్ద ఆఫీసులకే అనుకుంటారు. పదిమంది కన్నా తక్కువ ఉన్న దుకాణమైనా, ఇల్లయినా, వేధించినవాడు యజమానే అయినా, ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉండాలి. మూడు నెలల్లోగా రాసి ఇవ్వాలి. మీ కలెక్టరేటుకు అద్దాలు చూడటానికి పోయిన రోజునే, ఆ కమిటీ ఎక్కడుంది, అందులో ఎవరెవరున్నారు అని అడిగి అదే నోటుబుక్కులో రాసుకోండి.

పద్ధతి విషయంలో ఒక్క మాట. ఇద్దరిద్దరుగా పోండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాయాలి. రాయడం రానివాళ్ళు గుర్తుపెట్టుకోవడంలో మనందరికన్నా మేలు, వాళ్ళను మాట్లాడనివ్వండి. అవునన్నవాళ్ళ దగ్గర ఆగిపోక, ఆ రోజే ఒక అద్దం తుడిచి చూపించి డబ్బు అడగండి. ఇరవై రూపాయలైనా సరే, ఊరికే చెయ్యకండి. ఊరికే చేస్తే మెచ్చుకోలు వస్తుంది, గిరాకీ ఉందో లేదో తెలియదు. ఇంటి దగ్గరున్న పాత గుడ్డలు, సబ్బునీళ్ళు, ఒక్క వైపర్ దీనికి చాలు. అప్పు అక్కర్లేదు. నెల తర్వాత అదే దుకాణానికి మళ్ళీ పోండి. రెండోసారి డబ్బిచ్చినవాళ్ళ పేర్లు విడిగా ఒక పేజీలో రాయండి. ఆ పేజీయే మీ సర్వే. అది పట్టుకుని సంఘంలో కూర్చుని, అప్పు ఎంత తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో తేల్చుకోవచ్చు. పేర్లు పదో పన్నెండో ఉంటే కిటికీలొక్కటే నమ్ముకోకండి. ఆ దుకాణాలవాళ్ళనే ఫ్యాన్లు, ట్యాంకులు, దోమతెరలు, బోర్డుల సంగతి అడగండి. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో కూడా రాసుకోండి. "మా కోడలుంది గదా" అన్న ఇళ్ళు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. ఆ లెక్క ఈ వ్యాపారానికి పనికిరాకపోవచ్చు. వచ్చే సమావేశానికి మాత్రం అది నాకు కావాలి.